నాన్నగారూ, మేమూ, ఒక పాత హెరాల్డు కారు



"పాదిరిగారికి పాత కారు పిచ్చి పట్టిందట" అని మా చుట్టుప్రక్కల గ్రామములలో మూడు సంవత్సరములు చెప్పుకున్నారు. మాట నిజమే గనుక మేము ఎవరితోనూ వాదించలేదు. అయితే ఆ కారుకు డబ్బు ఎక్కడినుండి వచ్చినది, సేవకునికి అంత అవసరమేమి వచ్చినది అని ముఖముఖిగా అడిగిన విశ్వాసులు కొందరున్నారు. వారు అడిగినది న్యాయమే. అందుకు జవాబు ఒక్క మాటలో చెప్పగలిగినది కాదు. అది మా కుటుంబములో ముప్పది మూడు సంవత్సరములు మూతపడి ఉన్న సంగతి. నాన్నగారి అనుమతితో, ఆయనకు రెండుసార్లు చదివి వినిపించి, ఇక్కడ వ్రాయుచున్నాము.

2021 ఆగస్టులో దివిసీమలోని ఒక పాత మిషను ఆసుపత్రి ఆవరణములో రేకుల షెడ్డు పడగొట్టుచున్నారనీ, అందులోని సామాను పాత ఇనుము వారికి అమ్ముచున్నారనీ కబురు వచ్చినది. ఆ ఆసుపత్రి పేరు వ్రాయము. అప్పటి పెద్దలలో చాలామంది ప్రభువునొద్దకు వెళ్లిపోయారు. ఉన్నవారిని నొప్పించుట మా ఉద్దేశము కాదు. నాన్నగారికి అప్పుడు 70 సంవత్సరములు. ఆ కబురు విని, కలిపిన అన్నము కూడ వదలి, "ఒరే చిన్నోడా, నన్నొకసారి అక్కడికి తీసుకెళ్లు" అన్నారు. సంఘములో నలుగురి ఎదుట ఆయన మమ్మును "అయ్యగారూ" అని పిలుస్తారు. ఇంట్లో మాత్రము ఇప్పటికీ మేము చిన్నోడిమే.

షెడ్డులో మంచముల ఇనుప చట్రములు, తుప్పుపట్టిన జనరేటరు, వాటి వెనుక ఒక కారు. ముందు ఎడమవైపు చక్రము లేదు. ఆ మూల క్రింద నాలుగు ఇటుకలు పేర్చి ఉన్నాయి. సీట్లలో ఎలుకలు కాపురమున్నాయి. డ్యాషుబోర్డు అరలో పాము కుబుసము. ఒకప్పుడు మీగడ రంగు అని, తలుపు లోపలి అంచు చూస్తేనే తెలుస్తుంది. నాన్నగారు దాని బానెట్టుమీద చెయ్యి వేసి చాలసేపు మాటలాడలేదు. అది 1969లో మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు. 1975 నుండి 1988 వరకు పదమూడు సంవత్సరములు ఆయన నడిపిన బండి అదే. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత రోడ్లు తెగిపోయిన దినములలో, డాక్టరుగారిని, మందుల పెట్టెలను ఆ కారులో వెళ్లగలిగినంత దూరము తీసికొని వెళ్లి, అక్కడినుండి ఇద్దరూ నడిచి వెళ్లేవారట. ఆ మాట చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. 1988 తరువాత ఆయన ఆ కారు పేరెత్తలేదు.

పాత ఇనుము వ్యాపారి లెక్క చాల సులువు. బండి బరువు 800 కిలోలు, కిలో 25 రూపాయలు, మొత్తము 20,000. "ఇంజనులో అల్యూమినియం ఉంటే నా అదృష్టం" అన్నాడు. నాన్నగారు ఇంటికి వచ్చి, తన ట్రంకుపెట్టె అడుగున గుడ్డలో చుట్టిన డబ్బు తీసి మా చేతిలో పెట్టారు. సరిగా ఇరవై వేలు. తన చావు ఖర్చులకు ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని కూడబెట్టుకున్న సొమ్ము అది. మేము వద్దన్నాము. పెట్టె కొనుటకు పనికివచ్చు డబ్బుతో తుప్పు కొనుట ఏమిటని కొంచెము కోపపడ్డాము కూడ. "నా పెట్టె సంగతి నువ్వు చూసుకో. ఇది మాత్రం నన్ను కొననియ్" అన్నారు.

ఎందుకో అప్పుడు అడుగలేదు. అడుగుటకు భయపడ్డామని చెప్పుటే నిజము.

1988 డిసెంబరులో, క్రిస్మసుకు రెండు రోజుల ముందు, రాత్రి తొమ్మిది గంటలకు ఒక పల్లెలో కాన్పు చేయించి తిరిగి వస్తున్న నర్సమ్మగారిని ఆ కారులో తీసికొని వచ్చుచుండగా, కాలువ వంతెన దిగి మలుపు తిరుగునప్పుడు బండి గట్టుకు గుద్దుకొన్నది. నర్సమ్మగారి చెయ్యి విరిగినది. పరుగెత్తి వచ్చినవారికి కారులో గుప్పున వాసన కొట్టినది. నాన్నగారు 1984లో రక్షింపబడి బాప్తిస్మము పొందక మునుపు త్రాగేవారని ఊరంతటికీ తెలుసు. ఇక విచారణ ఏముంటుంది? సంచిలోని స్పిరిటు సీసా పగిలినదనీ, చక్రము దానంతటదే వంగిపోయినదనీ ఆయన చెప్పారు. త్రాగినవాడు ఏమైనా చెప్తాడన్నారు. వారము తిరుగకుండ ఉద్యోగము పోయినది. తరువాత ఆయన ఒక రైతు దగ్గర ట్రాక్టరు నడిపారు. మేము వేదాంత డిప్లొమా చదివినది ఆ ట్రాక్టరు కూలితోనే.

అప్పుడు మాకు ఎనిమిదేండ్లు. బడిలో పిల్లలు ఏమనేవారో వ్రాయనక్కరలేదు. మేమూ అదే నమ్మినాము. మా అమ్మగారు నమ్మినదో లేదో తెలియదు. ఆమె 2015లో ప్రభువునందు నిద్రించినది, ఆ సంగతి మా ఎదుట ఎన్నడూ ఎత్తలేదు. అంతటితో ఆగినా బాగుండేది. 2011లో, క్రొత్తగా సంఘకాపరిగా నియమింపబడిన దినములలో, మద్యపానమును గురించి ఒక ఆదివారము ప్రసంగించుచు, "నాకు తెలిసిన ఒక డ్రైవరు" అని ఆ రాత్రి సంగతిని ఉదాహరణగా చెప్పాము. పేరు చెప్పలేదు గనుక తప్పులేదనుకున్నాము. నాన్నగారు మూడవ వరుసలో కూర్చుండి విన్నారు. ఆరాధన ముగిసిన తరువాత ఎప్పటివలెనే చాపలు చుట్టి మూల పెట్టి ఇంటికి వచ్చారు.

ఇక కారు సంగతికి వస్తాము. మా ఊరి యౌవనస్థులు దీనిని చూచి నవ్విరి గాని, దీని వంశము తక్కువది కాదు. ఇంగ్లాండులోని ట్రయంఫ్ కంపెనీ 1959లో హెరాల్డును విడుదల చేసినది. దాని రూపము గీచినవాడు మికెలొట్టి అను ఇటలీ దేశస్థుడు. 1961 నుండి మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ ఇక్కడ తయారు చేసినది. నాలుగు సిలిండర్ల 948 సి.సి. ఇంజను. ఈ హెరాల్డు అస్థిపంజరము మీదనే 1962లో ఇంగ్లాండులో స్పిట్‌ఫైర్ అను రెండు సీట్ల స్పోర్ట్సు కారు పుట్టినది. అది 1980 వరకు తయారైనది. మన డాక్టర్లు, ప్లీడర్లు ఇంటిల్లిపాదిని కుక్కుకొని తిరిగిన ఈ సాధువైన బండికి, సీమలో ఒక పరుగుల బండి తోబుట్టువన్నమాట. మా అబ్బాయి ఈ సంగతి తెలిసిన దినమునుండే స్పానర్లు అందించుటకు వచ్చినాడు.

ఈ చుట్టరికము మా వంటి బీదవారికి ఎంతో మేలు చేసినది. మద్రాసు కంపెనీ మూతపడి చాల కాలమైనది. కాని స్పిట్‌ఫైరును ప్రేమించువారు ఇంగ్లాండులో వేలకొలది ఉన్నారు. ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్ అను వారి సంఘము 1977 నుండి నడుచుచున్నది. వారి కొరకు అక్కడ క్రొత్త విడిభాగములు ఇప్పటికీ తయారగుచున్నవి. వాటిలో కొన్ని హెరాల్డుకు సరిపోవును.

రెండవ మేలు, బండి కట్టుబడి. ఈనాటి కార్ల శరీరమంతా ఒకే పెట్టె. హెరాల్డు అట్లు కాదు. క్రింద ఎద్దుబండి పోలు వలె వేరుగా ఒక ఛాసిస్. దానిమీద శరీరము ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించి ఉంటుంది. ఒక ముక్క విప్పి, డబ్బున్న నెలలో బాగుచేయించి, మరల బిగించుకొనవచ్చును. బానెట్టు, మడ్‌గార్డులు, లైట్లు కలిసి ముందు భాగమంతా మొసలి నోరు తెరచినట్లు ఒక్కసారిగా ముందుకు తెరచుకొనును. ఇంజను నలువైపుల నుండి చేతికి అందును. నాన్నగారు ముందు టైరు మీద, అరుగుమీద కూర్చున్నట్లు కూర్చుండి, కాళ్లు లోపల పెట్టుకొని పని చేసేవారు. నడుము నొప్పి ఉన్నవారికి ఇంతకంటె మంచి కారు లేదని ఆయన అభిప్రాయము.

డబ్బు విషయములో మొదటి రోజే మూడు కట్టుబాట్లు చేసుకున్నాము. సంఘపు కానుకలలో నుండి ఒక్క రూపాయి తాకరాదు. నెలకు మా వంతు 2,500, నాన్నగారి పింఛనులో నుండి 500, అంతకు మించరాదు. ఆదివారము, ఉపవాస ప్రార్థన జరుగు బుధవారము బండి ముట్టరాదు. రెండవ రాజుల గ్రంథములో యోవాషు కాలమున మందిరము బాగుచేయుటకు యాజకుడు ఒక పెట్టె మూతకు బెజ్జము చేసి పెట్టినట్లు, మేము ఒక డాల్డా డబ్బా మూతకు బెజ్జము చేసి అటకమీద పెట్టాము. డబ్బాలో డబ్బు లేని నెలలో పనీ లేదు. మా సతీమణి ట్యూషన్లు చెప్పి సంపాదించినది అందులో చాల భాగము. ఆమె అడిగినది ఒక్కటే: పిల్లల ఫీజుల నెలలో డబ్బా జోలికి వెళ్లకూడదని. ఆ మాటకు జూన్ నెలలలో తట్టుకొనుట కష్టమైనది. రెండు జూన్లు ఆ నెల డబ్బు జూలైలో వేశాము.

2021 నవంబరులో పని మొదలైనది. ముప్పది మూడేండ్లు కదలని ఇంజను బిగుసుకొని పోయి ఉన్నది. మేము పెద్ద స్పానరు పెట్టి లాగబోయాము. నాన్నగారు చెయ్యి పట్టుకొని ఆపి, నాలుగు ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క రంధ్రములో డీజిలు, కిరోసిను కలిపి కొంచెము పోసి మూసివేశారు. రోజూ ప్రొద్దున ప్రార్థన అయిన తరువాత వెళ్లి మరికొంచెము పోసేవారు. పన్నెండవ రోజున టాపు గేరులో వేసి బండిని వెనుకకు ముందుకు ఊపగా, లోపల ఎక్కడో చిన్న "క్లిక్కు" మని కదలినది. ఆ శబ్దము ఇంట్లో వంట చేయుచున్న మా సతీమణికి వినబడలేదు గాని మా కేక వినబడినది. తరువాత విప్పి చూస్తే సిలిండర్లు బోరు కొట్టించవలసినంత చెడలేదు. రింగులు, గాస్కెట్లు, క్లచ్చి ప్లేటుతో సరిపోయినది.

ఛాసిస్ రెక్కలు మాత్రము ఉప్పుగాలికి జల్లెడయ్యాయి. వాటిని కోసి, క్రొత్త రేకు వంచి వెల్డింగు చేయించుటకు విజయవాడ ఆటోనగరుకు మూడు విడతలుగా తీసికొని వెళ్లాము. బస్సు పైన కారు ముక్కలు వేసికొని వెళ్లిన పాదిరి మేము తప్ప మరొకరు ఉండరనుకొందుము. పట్టణములో ఒక టింకరింగు పనివాడు అడ్వాన్సు పుచ్చుకొని ఒక తలుపును ఐదు నెలలు తన దగ్గర పెట్టుకొన్నాడు. ఆ సంగతి తలచుకొనకుండుటే ఆత్మకు మంచిది.

పొదుపు ఎక్కడ చేయవలెనో ఎక్కడ చేయకూడదో నాన్నగారి దగ్గర నేర్చుకున్నాము. రంగు, సీట్ల గుడ్డ, నికెలు మెరుపు ఇవన్నీ ఆగగలవు. పాత సీట్లలో కొబ్బరిపీచు నింపి మా సతీమణి తన మిషనుమీద గుడ్డ కుట్టినది. కాని బ్రేకు రబ్బర్లు సగము ధరకు దొరికినవని మేము తెచ్చినప్పుడు, ఆయన వాటిని వేళ్లతో నలిపి చూచి, బయటకు విసరివేశారు. "ఆగనిదానికి రంగెందుకురా?" అన్నారు. పెట్రోలు గొట్టములు, పంపులోని పొర కూడ క్రొత్తవి వేయించాము. నేటి పెట్రోలులో ఇథనాలు కలియుచున్నది. పాతకాలపు రబ్బరు దానికి మెత్తబడి పగులును. మీ ఇంట పాత స్కూటరో జీపో ఉన్నయెడల అది ఒకసారి చూచుకొనుడి.

2022 వర్షకాలములో ముందు చక్రముల పని పట్టుకున్నాము. ఇక్కడ కొంచెము నిదానముగా చదువమని కోరుచున్నాము.

హెరాల్డు ముందు చక్రము ఒక నిలువు ఉక్కు కాడకు బిగించి ఉంటుంది. ఆ కాడ క్రింది కొనకు మర ఉన్నది. ఆ మర ఒక కంచు దిమ్మలో దిగి ఉంటుంది. దానిని ట్రనియన్ అంటారు. స్టీరింగు త్రిప్పినప్పుడెల్లా ఆ ఉక్కు మర కంచు దిమ్మలో తిరుగును. ఈ బండికి ఉన్న గొప్ప పేరేమనగా, సుమారు 25 అడుగుల మేరలోనే పూర్తిగా చుట్టు తిరుగగలదు. మన పల్లె సందులలో అది ఎంతో వరము. అంత మలుపు తిరుగునప్పుడు భారమంతా ఆ చిన్న మర మీదనే పడును.

ఎడమవైపు ఎటూ విరిగిపోయినది. కుడివైపుది విప్పాము. కంచు దిమ్మ పైభాగములో గ్రీజు ఎండి మైనము వలె గట్టిపడి ఉన్నది. దాని క్రింద, మర అడుగున, గ్రీజు జాడ లేదు. ఎఱ్ఱని తుప్పు పొడి, నీటి మరక. ఉక్కు కాడను కిరోసినులో కడిగి వెలుగులో త్రిప్పి చూడగా, మర మొదట్లో తల వెంట్రుక వలె ఒక పగులు.

నాన్నగారు లేచి లోపలికి వెళ్లి, తన పనిముట్ల పెట్టెలో నుండి నూనె గుడ్డలో చుట్టిన ఒక మూట తెచ్చారు. విరిగిన ఎడమ కాడ అది. ఆ రాత్రి జనము తన్ను తిట్టుచుండగా, టార్చిలైటు వెలుగులో గట్టుమీద వెదకి ఏరుకొని దాచుకొన్నారట. ముప్పది మూడేండ్లు ఎవరికీ చూపలేదు. "ఎవరు చూస్తారని చూపించను?" అన్నారు.

మరుసటి వారము రెండు ముక్కలూ ఆటోనగరులో ఒక పెద్ద వయస్సు లేతు మేస్త్రీకి చూపించాము. సంగతి ఏమీ చెప్పలేదు. ఆయన విరిగిన ముఖమును గుడ్డతో తుడిచి, వ్రేలితో చూపించి, "చూడండి బాబూ, ఇటు మూడొంతులు నల్లగా ఉంది. ఇది పాత పగులు, నీళ్లు దిగి తుప్పు పట్టింది. ఈ కొస మాత్రమే తెల్లగా గింజ గింజగా ఉంది. విరిగిన రోజు విరిగింది ఇంతే. మిగతాది అంతకు ముందే పోయింది. ఎవరు నడిపినా ఆగేది కాదు" అన్నాడు. నాన్నగారు ఆ రెండు ముక్కలను తిరిగి గుడ్డలో చుట్టుకొన్నారు. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. మేము ప్రక్కనే ఉండి ఒక్క మాట పలుకలేకపోయాము. మా నోట నుండి వచ్చిన 2011 నాటి ప్రసంగము బస్సంతా వినబడుచున్నట్లు ఉన్నది.

ఆ డిసెంబరులో మా సంఘములోని ఒక కుటుంబపు కుమార్తె, ఇంగ్లాండులో నర్సుగా పనిచేయుచున్న సహోదరి, సెలవులకు వచ్చుచు రెండు ప్రక్కలకు కావలసిన కాడలు, కంచు దిమ్మలు తన చీరల మధ్య పెట్టుకొని తెచ్చినది. అన్ని ఖర్చులలోనూ అదే పెద్దది, 24,000 రూపాయలు. ఎడమ ప్రక్కది వేరు, కుడి ప్రక్కది వేరు, మర త్రిప్పుడు ఎదురెదురుగా ఉండును గనుక జాగ్రత్తగా గుర్తులు పెట్టి తెచ్చినది. వాటితో కూడ ఆ కారు మరమ్మతు పుస్తకము ప్రతి ఒకటి తెచ్చినది. అది ఇంగ్లీషులో ఉన్నది. రాత్రి భోజనము తరువాత మేము ఒక్కొక్క పుట తెలుగులో చెప్పుచుండగా నాన్నగారు వినేవారు. కందెనల పుటకు వచ్చాము. ఇరుసులకు ఇది, స్ప్రింగులకు ఇది అని చదువుచు, ట్రనియన్ల దగ్గర ఆగాము. అక్కడ గ్రీజు అని లేదు. మూత తీసి చిక్కని గేరు నూనె ఎక్కించవలెనని ఉన్నది. గ్రీజు చిక్కదనమునకు మర అడుగు వరకు దిగదు, అడుగున నీరు చేరును, తుప్పు పట్టును, మర మొదట్లో పగులును.

"మళ్లీ చదువు" అన్నారు. చదివాము. మూడవసారి కూడ చదివించుకున్నారు.

"నెలనెలా నేనే గ్రీజు కొట్టేవాణ్ణి. బలంగా ఉంటుందని ఇంకో రెండు దెబ్బలు ఎక్కువే కొట్టేవాణ్ణి" అన్నారు. మరి కొంతసేపటికి, "తాగి కాదురా చిన్నోడా. తెలియక" అన్నారు. ఇన్నేండ్లు చక్రము దానంతటదే పోయినదని చెప్పుకొనుచు వచ్చిన మనిషి. తన నిర్దోషత్వము ఋజువైన ఆ పుటలోనే తన తప్పు కూడ ఉన్నది.

ఆ రాత్రి మేము ఆయన పాదముల దగ్గర కూర్చుండి 2011 సంగతి ఎత్తాము. క్షమించమని అడిగాము. ఆయన మా తల మీద చెయ్యి వేసి, "ఆ రోజు బాగా చెప్పావులే. ఇద్దరు ముగ్గురు తాగుడు మానేశారు కూడా" అన్నారు. అది మమ్మును ఓదార్చుటకు చెప్పినదో, ఎత్తిపొడుపో ఈనాటికీ తెలియదు.

సంఘము ఎదుట చెప్పిన అబద్ధమును సంఘము ఎదుటనే సరిచేయవలెను. 2023 జనవరి మొదటి ఆదివారము, రొట్టె విరుచుటకు ముందు, ఆ ఉదాహరణలోని డ్రైవరు ఎవరో, ఆయన ఆ రాత్రి త్రాగలేదని చెప్పి, విచారింపకుండ తీర్పు తీర్చినందుకు క్షమాపణ అడుగవలెనని నిశ్చయించుకున్నాము. ముందు రోజు నాన్నగారికి చెప్పగా ఆయన ఒప్పుకొనలేదు. తనకు మర్యాద దక్కుట ఆయనకు ఇష్టము లేదనుకున్నాము. అది కాదు. "నేను తాగలేదని చెప్పి ఊరుకుంటావా? గ్రీజు కొట్టింది నేనేనని కూడా చెప్పు. ఆ తల్లి చెయ్యి విరిగింది నా వల్లనే. సగం చెబితే అది సాక్ష్యం కాదు" అన్నారు. రెండూ చెప్పాము. సంఘములో ట్రనియన్ అంటే ఏమిటో ఎంతమందికి అర్థమైనదో తెలియదు గాని, వెనుక వరుసలోని వృద్ధులు ఇద్దరు లేచి వచ్చి నాన్నగారి చేతులు పట్టుకున్నారు. వారిలో ఒకరు 1988లో ఆ గట్టు దగ్గరకు పరుగెత్తి వచ్చినవారే.

తరువాతి పని వేగముగా జరిగినది. దాని గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. మా యౌవనస్థులలో ఎలక్ట్రీషియను ఒకడు తీగలన్నీ క్రొత్తగా లాగినాడు; పదమూడు అంగుళముల టైర్లు వేరే చిన్న కార్లవి సరిపోయినవి. మీగడ రంగు మేమే కొట్టాము. దగ్గరకు వచ్చి చూస్తే దోమలు అంటుకొన్న చోట్లు కనబడతాయి. ఇక కాగితములు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము తెచ్చిన నిబంధనల ప్రకారము 50 సంవత్సరములు దాటిన సొంత వాహనమును, అసలు రూపము మారనియెడల, వింటేజి వాహనముగా నమోదు చేయించుకొనవచ్చును. క్రొత్త నమోదుకు రుసుము 20,000, రోజువారీ తిరుగుటకు అనుమతి లేదు. మా బండికి పాత ఆర్.సి. పుస్తకము ఉన్నందున మేము పరీక్షకు తీసికొని వెళ్లి పాత నమోదునే మరల చేయించుకున్నాము. 2024 ఆగస్టుకు ముప్పది నాలుగు నెలలు నిండినవి. నాన్నగారి ఇరవై వేలతో కలిపి ఖర్చు 1,21,660 రూపాయలు. డబ్బాలో మిగిలినది 340. లెక్క పుస్తకము ఎవరైనను వచ్చి చూడవచ్చును.

డిసెంబరులో నాన్నగారు ఆ నర్సమ్మగారిని చూడవలెనన్నారు. ఆమె ఉద్యోగ విరమణ చేసి, ప్రక్క పట్టణములో తమ్ముని ఇంట ఉంటున్నారు. ఎనుబది దగ్గర పడినది. కారులోనే వెళ్లాము, గంటకు నలభై కిలోమీటర్ల వేగముతో. నాన్నగారే నడిపారు. ఆమె గుమ్మములో నిలుచుండి కారును చూచి గుర్తుపట్టారు, తరువాత మనిషిని. ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచలేరు.

నాన్నగారు నిలబడియే అంతయు చెప్పారు: గ్రీజు సంగతి, పుస్తకము సంగతి. క్షమించమన్నారు. ఆమె చాలసేపు విని, "నా సంచిలో స్పిరిటు సీసా పగిలిన మాట నిజమే కదయ్యా. నేను విజయవాడలో కట్టు కట్టించుకొని వచ్చేసరికి నిన్ను తీసేశారు. నన్నెవరూ అడగలేదు. అడక్కపోయినా నేను వెళ్లి చెప్పాల్సింది. ఉద్యోగానికి భయపడ్డాను" అన్నారు. ఇద్దరు ముసలివారూ కొంచెము సేపు ఏమీ మాటలాడుకొనలేదు. మేము ప్రార్థన చేద్దామని నోరు తెరచి, ఎందుకో మరల ఊరకుంటిమి.

టీ త్రాగిన తరువాత ఆమె, "సరే, ఒకసారి ఎక్కించు, ఆ వంతెన దాకా వెళ్లొద్దాం" అన్నారు. చీర కొంగు సర్దుకొని ముందు సీటులో కూర్చున్నారు. మేము వెనుక కూర్చున్నాము. నాన్నగారు తాళము త్రిప్పబోతుండగా ఆమె చెయ్యి అడ్డము పెట్టి, "ఏమయ్యా, ఈసారి నూనె పోశావా?" అన్నారు.

నాన్నగారు దిగి, డిక్కీ తెరచి, గేరు నూనె డబ్బా తెచ్చి ఆమెకు చూపించి, తిరిగి వచ్చి బండి తీశారు.